దేవుని కుండకు లక్కముద్ర

కుండనమ్మా, కుండను! దొంగల్ని పట్టుకపోతారు, తాగి కొట్లాడినోళ్లను పట్టుకపోతారు. మట్టికుండను జీపులో ఎక్కించుకోని పోయేది నువ్వు యాడన్నా చూసినావా విశ్వాసమ్మా? మూతికి గుడ్డ కట్టినారు. గుడ్డకు దారం చుట్టినారు. దారం ముడి మీద ఎర్రలక్క కరిగించి పోసి బిళ్లతో ఒత్తినారు. దేవుని కుండకు లక్కముద్ర! లోపల ఏముండాదని? జొన్నలు, కొర్రలు, నాలుగు పురుగులు.

ఈ పొద్దు ఆదోని కోర్టుకాడ మళ్లా చూసినా దాన్ని. వకీలు కోసం పోతే, గుమాస్తా కూచునే రూములో ఒక మూలన ఉండాది. మెడకు నంబరు చీటీ. ఒక పక్క ఎవురిదో కొడవలి, ఇంగో పక్క సారా పీపా. వాటి మధ్యలో మన కుండ. పలకరించల్ల అనిపించింది తల్లీ! ‘ఎట్లుండావు’ అని అడగబోయి, గుమాస్తా నవ్వుతాడని నోరు మూసుకుంటి.

నువ్వు లేయొద్దు, లేయొద్దు. చెరిగే పని చెరుగుతా ఉండు. నేనీడ అరుగు మీద కూచుంటా. కొత్త కొర్రలా? బంగారం మాదిరి ఉండాయి. మెట్ట చేను ఈ యేడు నిన్ను కాపాడింది, దేవునికి స్తోత్రం.

నీళ్లా? ఇయ్యి తల్లీ, ఇయ్యి. బస్సు దిగి కాలువ గట్టు మీద నడుచుకుంటా తిన్నగా నీకాడికే వస్తాండా. ఇంటికి గూడ పోలే. పోతే కృపమణి వాకిట్లోనే నిలబెట్టి, ‘వకీలు ఏమన్నాడు’ అంటాది. నా పెండ్లామే గానీ, ఆమెకంటే ముందు నీకు చెప్పల్ల ఆ మాట. యాలంటే, దాంతో పని నీకే.

చెప్తా. తొందరేముండాది, చెప్తా.

ఓ సోమక్కా! ఆ గోడ మీద గడ్డం ఆనించుకోని ఎంతసేపు వింటావు? మెడ పట్టుకుంటాది, లోపలికి రా. మారెన్నా, నువ్వు గూడ రాప్పా, ఆ బీడీ పారేసి రా. ఏమనుకోవద్దు విశ్వాసమ్మా, నా సంగతి నీకు తెలుసు గదా. ఇరవై ఏండ్లుగా ఈ గేరిలో ఇంటింటికీ ఉపదేశిగా ఉండా. నలుగురు ఎదురుగా లేకుంటే ఈ లేవికి గొంతు లేయదు. ఒక్కరికి చెప్తే సణిగినట్ల ఉంటాది. నలుగురికి చెప్తే ప్రసంగం మాదిరి ఉంటాది.

మీరే న్యాయం చెప్పండి. మన ఆడోళ్లు పొయ్యి మీద ఎసరు కాగినాక ఏం చేస్తారు? గింజ ఎసట్లో పోసే ముందర ఒక్క పిడికెడు తీసి పక్కన పెడతారు. అది దేవుని పిడికెడు. మా అమ్మ తీసింది, మీ అత్త తీసింది, నువ్వు తీస్తాండావు. వారం పిడికెళ్లన్నీ కొంగున కట్టుకోనొచ్చి, ఆదివారం గుడిలో కుండలో పోస్తారు. ఎవురు ఎంత పోసినారని ఎప్పుడన్నా తొంగి చూసినోడు ఉండాడా? పోసేటోళ్లే కండ్లు మూసుకోని పోస్తారు. దాన్ని ధర అంటాండారమ్మా పోలీసోళ్లు! దేవుని పిడికెడు ధరంట!

మారెన్న తల ఊపుతాండాడు చూడు. మేజిస్ట్రేటు గూడ ఇట్లనే ఊపితే శానా బాగుంటుండె.

అసలు మొదలు యాడ? మిషను దొర ఓడెక్కి సీమకు పోయేటప్పుడు మొదలు. బంగళా తోటకని తెప్పించుకున్న్య సీమ ఎరువు రెండు మూటలు మిగిలిపోయినాయి. నన్ను పిలిచి, ‘లేవీ, కాలువ నీళ్లు మీవోళ్ల మళ్లకు వచ్చినాయి గదా, ఈ అమోనియా వాళ్లకు పంచు’ అన్న్యాడు. పాపం, ఆయప్ప కండ్లల్లో నీళ్లు. నేను గూడ ఏడిస్తి. ఏడ్చుకుంటానే బండిలో వేసుకోనొస్తి.

తెల్లగా ఉప్పు మాదిరి ఉండె. నాలుక మీద పెట్టి చూసింది మీ సోమక్కే గదా! ఆ పొద్దంతా ఉమ్ముకుంటా తిరిగింది. నవ్వు, నవ్వు విశ్వాసమ్మా, నువ్వే చెప్పినావు నాతో.

ఆదివారం ఆరాధన అయిపోయినాక గుడి తలుపు కాడ మూట విప్పితి. మనిషికి ఒక పడి కొలిచి. పిలిచి పిలిచి పోసినా. తీసుకున్న్యోళ్లు ఊరికే పోతారా మనోళ్లు? పోరు. దేవుని ఇంట్లోంచి ఏదన్నా చేతికి వస్తే, ఆయన కుండలో ఒక పిడికెడు వేయకుండా గడప దాటరు. నేను అడగలే. నాలుక మీద ప్రమాణం, ఆ మొదటి రెండు మూటలకు నేను నోరు తెరిచి అడగలే.

పదైదు దినాలకు చూస్తే ఏముండాది! వరి పచ్చదనం ముదిరి నల్లబడింది. మన మళ్లు, ఎప్పుడూ పెద్దరైతుల మళ్ల పక్కన సిగ్గుపడినట్ల ఉండేటివి, వాళ్ల మళ్లను మించిపాయె. మారెన్న అయితే పొద్దున్న ఒక తూరి, పొద్దుగూకి ఒక తూరి గట్టు మీద నిలబడి చూసుకుంటుండె, కొత్త పెండ్లికొడుకు మాదిరి.

ఇంక ఆగుతారా జనం? ‘ఉపదేశయ్యా, ఇంగో పడి. ఉపదేశయ్యా, మా బావమరిదికి ఒక పడి.’ మూటలు అయిపాయె. కుండేమో నిండి పొర్లుతాండె. నా బుద్ధికి ఏం తోచింది? ఈ గింజలు ఆదోనిలో అమ్మి, ఇంగో రెండు మూటలు తెస్తే? గింజ మిగిలితే గుడి కప్పుకు రేకులు వేస్తే?

తప్పా? గుడి కప్పు మీకు తెలీనిదా! వాన వస్తే యాడ కారతాది? నేను నిలబడి వాక్యం చెప్పే బల్ల కాడ, సరిగ్గా నా నెత్తిన కారతాది. పోయినేడు కోతల పండగప్పుడు నేను మంచి ఊపు మీద ఉండా, జనం కండ్లార్పకుండా వింటాండారు, టప్పున ఒక చుక్క ముక్కు మీద పడె. పిల్లోళ్లంతా కిసుక్కుమనిరి. మాట తెగిపాయె. మళ్లా అతికించలేకపోతి ఆ ప్రసంగాన్ని. దొర లేడు, దుడ్లు పంపేవోళ్లు లేరు. రేకులు యాడనుంచి వస్తాయి?

తెస్తి. ఆ మూటలు నేనే ఆదోని పోయి తెస్తి. ఈ మాట చెప్పేసరికి వకీలు తల పట్టుకున్న్యాడు. ‘ఏమయ్యా ఉపదేశీ, కొని తెచ్చినావా! ఆ మాట ఇంకెవురికీ చెప్పొద్దు’ అన్న్యాడు. నేను అప్పటికే బస్సులో చెప్పేసినా ఆయప్పా, అంటి.

మన దేవేంద్రప్ప అంగడి ఉండాది గదా, బస్సు నిలిచే కాడ. పోయినేడు గవర్మెంటు కొత్త కంట్రోలు తెచ్చింది. ఎరువు అమ్మాలంటే లైసెన్సు ఉండల్లంట, ధర పలక మీద రాసి తగిలించల్లంట. దేవేంద్రప్ప లైసెన్సు తెచ్చుకోని గోడకు అద్దం కట్టించి తగిలించుకున్న్యాడు, పక్కన లక్ష్మీదేవి పటం. ఆయప్ప తప్పేముండాది? ఒక తూరి నన్ను పిలిచి మెల్లగా చెప్పినాడు గూడ. ‘ఏమప్పా లేవీ, నువ్వు గూడ అంగడి పెట్టినావంట గదా. చూసుకో, కాలం మంచిది కాదు.’

నేనేం చేస్తి? ఆ వచ్చిన ఆదివారం బల్ల కాడ నిలబడి ఆ మాటను కథ చేసి చెప్తి. దేవేంద్రప్ప గొంతుతోనే చెప్తి. ‘నువ్వు గూడ అంగడి పెట్టినావంట గదా’ అని ముక్కుతో లాగి లాగి అంటే, గుడి గుడంతా పడి పడి నవ్వె. సోమక్క కండ్లు తుడుచుకున్న్యది. ఆ నవ్వు ఊరు దాటి అంగడి దాకా పోయుంటాది. నవ్వుకు కాళ్లు ఎక్కువ గదా.

ఆ మరుసటి ఆదివారమే వచ్చినాడు ఆ మనిషి.

మీరంతా చూసినారు. తెల్ల అంగీ, భుజాన కొత్త తువ్వాల. వెనక వరసలో కూచున్న్యాడు. పాట పాడేటప్పుడు మనకంటే గట్టిగా పాడినాడు, పదాలు రాకున్న్యా. ప్రార్థనకు కండ్లు మూసుకోమంటే మనోళ్లు సగం మంది తెరిచే ఉంటారు, ఆయప్ప గట్టిగా మూసుకున్న్యాడు. నాకు ఎంత సంతోషమంటావు! కొత్త ఆత్మ వచ్చింది ప్రభువా, అనుకుంటి. ఆ పొద్దు అర్ధగంట ఎక్కువ చెప్పినా, ఆయప్ప కోసరం.

అయిపోయినాక తలుపు కాడికి వచ్చె. ‘ఏ ఊరప్పా?’ అంటి. ‘ఈడనే పక్కన’ అనె. ‘ప్రభువును తెలుసుకున్న్యావా?’ అంటి. ‘తెలుసుకున్న్యా స్వామీ’ అనె. స్వామీ అంట! మనోడు ఎవుడన్నా నన్ను స్వామీ అంటాడా? అప్పుడన్నా నాకు అనుమానం రావల్ల గదా! రాలే. పొగడ్త మాదిరి వినపడె.

సంచిలోంచి ఒక పడి జొన్నలు తీసి కుండలో పోసె. నేను ఒక పడి ఎరువు ఆయప్ప సంచిలో పోస్తి. ‘దేవుడు నీ పంటను ఆశీర్వదించును గాక’ అని చెయ్యి గూడ ఎత్తితి. ఎత్తిన చెయ్యి దించకముందే ఆయప్ప బయటికి పోయి తువ్వాల విదిలించె. చింతచెట్టు వెనకనుంచి జీపు వచ్చె.

ఇన్స్పెక్టరు చెడ్డోడు కాదు విశ్వాసమ్మా. చెప్పులు విడిచి లోపలికి వచ్చినాడు. ‘ఈ కుండ ఎవరిది?’ అన్న్యాడు. దేవునిది సార్, అంటి. ‘ఈ మూట?’ పేదోళ్లది సార్, అంటి. ఇంక నేను పెద్ద ప్రసంగానికే గొంతు సర్దుకుంటాండా, ఆయప్ప ఒకే మాట అడిగె. ‘దేవుని కుండ దేవుని ముందర ఉండాల గదా ఉపదేశిగారూ. తలుపు దగ్గరికి ఎందుకొచ్చింది?’

సర్దుకున్న్య గొంతుతో ఉత్త దగ్గు దగ్గితి. ఇరవై ఏండ్లలో మొదటి తూరి.

పోలీసాయన వంగి జానతో కొలిచె. కుండకూ మూటకూ మధ్య ఒక్క జానెడు. అది రాసుకున్న్యారు.

అది అయినాక జరిగిందంతా మీకు తెలిసిందే. కేసు పెట్టిరి. పేపరు చేతికిచ్చిరి. రేపు పదకొండు గంటలకు నా పేరు పిలుస్తారు. జరిమానా వేస్తే ఏదో ఒకటి అమ్మి కడతా. జైల్లో పెడితే గూడ సరే, ఆడ గూడ నలుగురు మనుషులుంటారు, నాలుగు మంచి మాటలు చెప్పుకుంటా కూచుంటా. దానికి భయం లేదు నాకు.

మన గుళ్లన్నీ చూసుకునే పెద్దయ్యగారు వచ్చి చెప్పి పోయినాడు, అదీ నా భయం. ‘లేవీ, శిక్ష పడినోడు ఆ బల్ల కాడ నిలబడేకి లేదు. సంఘం నియమం. నా చేతిలో లేదు’ అన్న్యాడు. మెల్లగా చెప్పినాడు, నా భుజం మీద చెయ్యి వేసి చెప్పినాడు. ఆ చెయ్యి ఇంకా బరువుగానే ఉండాది ఈ భుజం మీద.

బల్ల లేకుంటే నేను ఏంది, చెప్పు? సేద్యం రాదు. బేరం రాదు, వచ్చింటే ఇంత దూరం పోనే పోదు. నాకు వచ్చింది ఒక్కటే. ఆదివారం పొద్దున్న, వారమంతా ఎండకు మాడిన మొగాలు నా దిక్కు చూస్తాంటే, నేను నోరు తెరుస్తాంటే, ఆ మొగాల్లో ఒక్కొక్కటే దీపం వెలిగించినట్ల అయితాది. ఆ దీపాలు లేకుంటే నేను చీకట్లో మాట్లాడుకునే పిచ్చోన్ని.

సోమక్కా, మారెన్నా. ఇంక మీరు పోండి. కొంచేపు పోండప్పా. ఈమెతో ఒక మాట మాట్లాడల్ల. ... ఏం, నన్ను అట్ల చూస్తారు? నేను జనాన్ని పొమ్మనడం ఎప్పుడూ చూళ్లేదా? నేను గూడ చూళ్లేదు. పోండి.

పోయినారా.

విశ్వాసమ్మా, వకీలు ఏమన్న్యాడంటే. ‘ఉపదేశీ, కుండలో వేసింది కానుక, ధర కాదు అని నేను వాదిస్తా. అది నిలబడాలంటే ఒక్క మనిషి కావాల. ఏమీ వేయకున్న్యా నువ్వు ఎరువు పోసిన మనిషి. కుండలో వేసేకి ఏమీ లేని మనిషి అని ఊరంతా ఎరిగుండల్ల. అట్లాంటి ఒక్కరు వచ్చి, ఊరికే ఇచ్చినాడు దొరా అని చెప్తే, ఇది అంగడి కాదు, ధర్మం. కేసు పోతాది. అట్లాంటోళ్లు ఉండారా?’ అన్న్యాడు.

ఉండారా అనే అడిగినాడు, పాపం ఆయప్ప. లేరు అంటే అయిపోతుండె.

నా నోట్లోంచి నీ పేరు వచ్చింది.

ఎట్ల వచ్చిందో నాకే తెలీదు. నేను ఆలోచించి చెప్పలే. ఏమీ లేని మనిషి అనంగానే, తలుపు కాడ ముంత పట్టుకోని నిలబడిన నువ్వే కండ్ల ముందుకు వచ్చినావు. వకీలు సంతోషంతో బల్ల చరిచె. ‘రేపు పిల్చుకోని రా’ అనె.

చేట ఆపినావు.

ఏమన్నా అను. తిట్టు. నీ మొగుడు ప్రకాశం బతికుంటే కర్ర తీసుకుంటుండె, పోయినోడు మంచోడు గానీ కోపిష్టి. నువ్వు గూడ ఒక మాటను, నాకు కొంచెం సులువుగా ఉంటాది.

... ఏమంటివి?

చెప్తావా?

ఇంత సులువుగా చెప్తా అంటివేమ్మా! నేను దారిపొడుగునా ఎన్ని మాటలు కూడబెట్టుకోనొచ్చినా! నీ కాళ్లు పట్టుకునేకి గూడ సిద్ధపడే వచ్చినా. ఒక్క మాట గూడ వాడనీయకపోతివి. ‘నువ్వు చెప్పమంటే చెప్తా ఉపదేశయ్యా’ అంటివి. మళ్లా చేట ఆడించేకి పడితివి.

దేవునికి స్తోత్రం. స్తోత్రం. సరే, సరే. అయితే విను. ఏమీ కష్టం లేదు. రేపు ఏడు గంటల బస్సుకు పోదాము, కృపమణి గూడ వస్తాది నీకు తోడు. బోను ఎక్కిస్తారు, భయపడొద్దు. నిజమే చెప్తానని ప్రమాణం చేయిస్తారు... అది అందరికీ చేయిస్తారు. పేరు అడుగుతారు. మొగుని పేరు అడుగుతారు. ఈయప్ప నీకు ఎరువు ఇచ్చినాడా అంటారు. ‘ఇచ్చినాడు. నాకాడ గింజ లేకుంటే ఊరికే ఒక పడి పోసినాడు’ అను. అంతే. అనూ, ఒక తూరి అను.

ఊఁ. బాగుండాది. గట్టిగా అనల్ల, మేజిస్ట్రేటు దూరంగా కూచుంటాడు.

ఏంది? ఏ ఆదివారం పోసినానని చెప్పల్లనా?

అది... ఆ రెండో మూటలప్పుడు అని చెప్పు. నువ్వు వచ్చిన ఆ పొద్దే అని చెప్పు. కాలువకు కొన మడి నీది, నీళ్లు ఆలస్యంగా వచ్చినాయి, నాట్లు ఆలస్యమైనాయి, అందుకే మొదటి మూటలప్పుడు రాలేదు అని చెప్పు. అది నిజమే గదా.

ఇంకేంది? ‘నా మడి సంగతి అడుగుతే?’

అడగరమ్మా. మేజిస్ట్రేటు మడి చూసేకి రాడు. ఆదోనినుంచి ఈ గట్టు మీదికి ఏ మేజిస్ట్రేటన్నా వస్తాడా? ఎవురూ రారు. ఎవురూ చూడరు.

...

నేను చూసినా.

ఇప్పుడే చూసినా విశ్వాసమ్మా. ఆ గట్టు మీదనే గదా వచ్చినా. మారెన్న మడి, సోమక్క మడి, ఆ కొసనుంచి ఈ కొస దాకా నల్లగా, ఎన్నులు వంగి, గాలికి ఒకదాని మీద ఒకటి పడుతాండాయి. కొసకు వచ్చేసరికి నీ మడి. చీర మీద వెలిసిపోయిన మాసిక మాదిరి. జానెడు ఎత్తు గూడ లేదు పైరు. ఎన్ను వేసింది, లోపల పాలు లేవు. నొక్కి చూస్తి. ఉత్త పొట్టు.

ఏ సాక్షీ అక్కర్లేదు. ఎవురు ఎరువు తీసుకున్న్యారు, ఎవురు తీసుకోలే, కండ్లున్న్యోడు ఎవుడన్నా గట్టు మీద నడుచుకుంటా పోతే చాలు. తల వంచుకోని పోదామనుకుంటి. తల వంచితే గూడ అదే కనపడుతాది, మడి కిందనే ఉండాది గదా!

ఆ పొద్దు నువ్వు వరసలో నిలబడినావు. అందరి కొంగుల్లో మూటలు, నీ చేతిలో ఉత్త ముంత. నువ్వు ఏమీ అడగలే. ముంత చాపినావు, అంతే. శ్రావణం నెల, అందరి ఇండ్లల్లోనూ గింజ అడుగంటింది, నీ ఇంట్లో అసలే లేదు. అది నాకు తెలీదా? ఆ వారమంతా నువ్వు సోమక్క ఇంట్లో గంజి తాగినావని తెలీదా? పొయ్యి మీద ఎసరే పెట్టనిదానికి పిడికెడు యాడనుంచి వస్తాది? తెలుసు. అన్నీ తెలుసు. ఉపదేశికి తెలీనివి ఏముంటాయి గేరిలో?

‘ఖాళీ చేతులతో వచ్చినావేమ్మా దేవుని ఇంటికి?’ అంటి.

అదే గొంతు. దేవేంద్రప్ప మాటలు చెప్పిన గొంతే. లాగి లాగి అంటి. వరసంతా నవ్వె. జనం నవ్వితే నాకు నిషా విశ్వాసమ్మా, తాగనోన్ని గాబట్టి అదొక్కటే నిషా నాకు. వాళ్లు నవ్వుతాంటే, నువ్వు ముంతను కొంగు కింద దాచుకోని వెనక్కి తిరిగితివి. నేను ‘ఇంగ ఎవురప్పా’ అని వెనకోన్ని పిలిస్తి.

రేకులు లెక్క వేసుకుంటాండా ఆ పొద్దు నేను. నీ పడి పోస్తే ఒక పడి తగ్గుతాది గదా అని. నా నెత్తిన కారే చుక్క కోసరం నీ మడి ఎండబెడితి.

ఆ ఇన్స్పెక్టరు అడిగిన మాట చూడు. ‘కుండ తలుపు దగ్గరికి ఎందుకొచ్చింది?’ ఎవురు జరిపినారు దాన్ని? రెండో తూరి మూటలు తెచ్చిన పొద్దు నేనే, ఈ చేతులతోనే, బల్ల ముందరనుంచి ఎత్తి తలుపు కాడ పెట్టినా. ఆడుంటే ఎవురు వేస్తాండారో కనపడదు. ఈడుంటే కనపడుతాది. పిడికెడు కాదు, పడికి పడి అని చెప్పింది గూడ నేనే. ఇందాక మారెన్న తల ఊపినాడు గదా నా మాటలకు. వానికి తెలుసు, వాడే పోసినాడు పడి నిండా. అయినా ఊపినాడు. నా మాట అట్లుంటాది మరి.

దేవుని కుండను తక్కెడ చేస్తి. వాళ్లు లక్కముద్ర వేసింది తర్వాతెప్పుడో. అది అంగడి కుండ అయింది, నువ్వు వెనక్కి తిరిగిన ఆ పొద్దే.

ఇప్పుడేమో నిన్ను బోను ఎక్కించి, ఇచ్చినాడు అని చెప్పించల్లనుకుంటి. ప్రమాణం చేయించి మరీ. నువ్వేమో ఎట్లన్నావు! ‘నువ్వు చెప్పమంటే చెప్తా.’ అబద్ధ సాక్ష్యం పాపమని నీకు నేర్పించింది ఎవురు? నేనే. ఈ పొద్దు నేను చెప్పమంటే అది గూడ చెప్తావు. అంత నమ్మినావు. ఇరవై ఏండ్లు నేను వెలిగించిన దీపం ఇదేనేమో.

వద్దు తల్లీ. రావద్దు. రేపు నువ్వు రావద్దు. నేను వచ్చి పిలిచినా రావద్దు. కృపమణి వచ్చి ఏడ్చినా రావద్దు. పొద్దున్నే మెట్టచేనికి పో, తలుపు గడియ పెట్టుకోని పో.

సోమక్కా! మారెన్నా! గోడ అవతలే ఉండారని నాకు తెలుసు. రండి, దాక్కునే పని లేదు. విన్న్యారా అంతా? వినండి. ప్రసంగం కాదు ఇది. ఈ తూరి నవ్వేది ఏమీ లేదు.

రేపు పదకొండు గంటలకు నా పేరు పిలుస్తారు. లైసెన్సు లేకుండా ఎరువు అమ్మినావా అంటారు. అమ్మినా అంటా. వకీలు కాలు తొక్కుతాడు, అయినా అంటా. ఎవురెవురికి అమ్మినావు అని అడుగుతే వరసగా చెప్తా. ఎవురికి లేదని పంపిస్తివి అని మాత్రం అడగరు. ఆ కేసు రాసుకునే స్టేషను ఆదోనిలో లేదు, యాడా లేదు.

ఆదివారం బల్ల కాడ ఎవుర్ని నిలబెడతారో! మారెన్నను పెట్టండి, తల బాగా ఊపుతాడు. ... నవ్వొద్దంటి గదా సోమక్కా. నేనే నవ్వించినానా? పాడు నోరు. ఇంక పోతా. కృపమణి వాకిట్లో ఉంటాది.

ఏందమ్మా ఇది? దోసిలి ఎందుకు పట్టమంటావు?

కొర్రలా? నాకెందుకు?

... ఆ ఆదివారం పిడికెడా?

అప్పుడు లేదు, ఇప్పుడుండాది అంటావా! అయ్యో, విశ్వాసమ్మా. వద్దు తల్లీ. యాడ పోయల్ల నేను దీన్ని? కుండేమో వాళ్లకాడ ఉండాది.

వినవు గదా. సరే, పొయ్యి. పడతాండా, చూడు. రెండు చేతులూ ఖాళీనే.